సరుగుడు వాసన, పదమూడో నంబరు మెట్లు

మొన్న జనవరి రెండో తారీఖు పొద్దున్నే పొన్నూరు రోడ్డులో సరుగుడు బాదుల లారీ ఒకటి ఆగి ఉంది. బాపట్ల వైపు తోటల నుంచి వచ్చినట్టుంది. కొట్టి రెండు రోజులైనా అయ్యుండదు, బెరడు పచ్చిగానే ఉంది, రాత్రి మంచుకి తడిసి నల్లబడింది. పక్కనుంచి పోతుంటే వగరు వాసన గుప్పున కొట్టింది. దాంట్లో నానిన కొబ్బరి తాడు వాసన కూడా కలిస్తే అది గ్యాలరీ వాసన. గుంటూరులో సంక్రాంతి ముందు పదిహేను రోజులూ ఏ గ్రౌండు పక్కగా నడిచినా ముక్కుకి తగిలే వాసన అదే.

ఇప్పుడు గ్యాలరీలు ఇనప పైపులవి. సాయంత్రం లారీ దిగితే తెల్లారేసరికి కుర్చీలతో సహా నిలబడుతుంది. అప్పట్లో ఎనిమిది వందల మంది కూర్చునే గ్యాలరీకి పన్నెండు మంది మనుషులు వారం రోజులు పని చేసేవాళ్ళు. కబడ్డీకైనా, వాలీబాల్‌కైనా, ఫుట్‌బాల్‌కైనా అదే కొలత, అదే మేస్త్రి. జనవరి రెండున మాత్రం టేపు పట్టుకుని రిటైరైన ఇంజనీరు గారొకరు గ్రౌండుకి వచ్చేవారు. ఆయన కొలిచేది మెట్లొక్కటే. ఆ తారీఖు ఎందుకో తెలియాలంటే ముందు గ్యాలరీ ఎట్టా కట్టేవారో చెప్పాలి.

* * *

అడితి నుంచి బాదులు దిగగానే పెద్దమేస్త్రి చేసే మొదటి పని కొట్టి వినడం. గొడ్డలి వెనక వైపుతో ఒక్కో బాదిని మొదట్లో ఒకటి, నడుమ ఒకటి, కొసన ఒకటి కొట్టేవాడు. మంచిదైతే ఖంగుమంటుంది. లోపల పుచ్చిందైతే దబ్బుమని చచ్చిన చప్పుడు. అట్టాంటివి టీ కాచే పొయ్యి కిందకి పోయేవి. మొదలు నాలుగంగుళాలకి తగ్గకూడదు, కొస రెండున్నరకి తగ్గకూడదు. వంకర బాది కంటికి కనపడుతుంది కాబట్టి దాంతో ఇబ్బంది లేదు. చెవికి తప్ప తెలియని పుచ్చుతోనే ప్రమాదం.

గ్యాలరీ పొడవు 100 అడుగులు, వరుసలు 12. ముందు వరుస నేలకి రెండడుగుల ఎత్తు, వెనక్కి పోయే కొద్దీ వరుసకో అడుగు. చివరి వరుస 13 అడుగులు. భూమిలోకి మూడడుగులు పోవాలి గనక వెనక గుంజలకి 16 అడుగుల బాదులు కావాలి. పొడవునా అయిదడుగులకొక చోట, వెనక్కి 12 చొప్పున, మొత్తం 252 గుంజలు. ఇవి కాక అడ్డబాదులు, ఏటవాలు బాదులు, కూర్చునే పలకలు.

మన నేల నల్లరేగడి. ఎండితే నోరు తెరుస్తుంది, తడిస్తే ఉబ్బుతుంది. గుంతలోంచి తీసిన మట్టిని అదే గుంతలో పోసి తొక్కితే మొదటి జల్లుకే గుంజ పళ్ళూడినట్టు ఊగుతుంది. అందుకని గుంత అడుగున ఒక చదును రాయి వేసి, దాని మీద గుంజ నిలిపి, చుట్టూ ఇటుక ముక్కలూ గరుకు ఇసకా కలిపి ఆరంగుళాలకొకసారి గునపం మొదలుతో కూరేవాళ్ళు. తెల్లవారుజామున మంచులో మనుషులు కనపడేవాళ్ళు కాదు గానీ ఆ కూరే చప్పుడు మాత్రం వీధి చివరికి వినపడేది. ధబ్, ధబ్, ధబ్, ఒక్క క్షణం ఆగి ఇటుక ముక్కలు జారిన గలగల, మళ్ళీ ధబ్.

తాడు రాత్రంతా తొట్టిలో నానాలి. ఎండు కొబ్బరి తాడు మొరాయిస్తుంది, బాది వంపులో ఒదగదు. అడ్డబాదిని గుంజకి చేర్చి నాలుగు చుట్లు చుట్టి, ఆ చుట్ల మీదుగా రెండు బాదుల సందులోంచి అడ్డంగా ఇంకో మూడు చుట్లు తిప్పి, పాదం గుంజకి తన్నిపెట్టి వెనక్కి వాలి లాగేవాళ్ళు. కట్టు బిగిసేది ఆ సందు చుట్లతోనే. అవి లేని కట్టు చూడటానికి లావుగానే ఉంటుంది, బరువు పడితే కిందకి జారుతుంది. అంతటితో వదలకుండా అడ్డబాది కింద ఓ మూరెడు కర్రని గుంజకి విడిగా కట్టేవాళ్ళు, పై కట్టు జారినా దీని మీద ఆగుతుందని.

మూడో రోజు మళ్ళీ మొత్తం బిగించాలి. కొత్తవాళ్ళు తప్పకుండా మర్చిపోయే పని ఇదే. తడి తాడు ఆరితే వదులిస్తుంది. పచ్చి బాది ఎండితే సన్నబడుతుంది. రెండూ ఒకేసారి జరుగుతాయి. నిన్న ఇనపలా ఉన్న కట్టులో ఈ రోజు చిటికెన వేలు దూరుతుంది. ఆ సందులోకి సరుగుడు చీలలు చెక్కి సుత్తితో దిగ్గొట్టేవాళ్ళు.

పలకలు తొమ్మిదంగుళాల వెడల్పు, అంగుళంన్నర మందం. పలక కొస అడ్డబాదిని దాటి కనీసం తొమ్మిదంగుళాలు ముందుకి రావాలి. సరిగ్గా బాది మీదే ఆగిపోతే లావుపాటి మనిషి కూర్చుని పలక వంగినప్పుడు కొస బాది మీంచి జారిపోతుంది.

* * *

మనిషికి 18 అంగుళాలు. 100 అడుగుల పలక మీద 66 మంది. తలకి 60 కిలోలు వేసుకున్నా వరుసకి దాదాపు నాలుగు టన్నులు, మొత్తం గ్యాలరీ మీద 47 టన్నులు. ఇంత బరువూ నిలువుగా దిగినంత సేపు సరుగుడు బాది చెక్కు చెదరదు. కూత పెట్టినవాడు గీత దాకా వచ్చి పడ్డప్పుడో, గోలు పడ్డప్పుడో 800 మందీ ఒక్కసారి లేచి ఒకే పక్కకి వాలతారు. ఆ ఊపుని ఆపేది వెనక ఏటవాలుగా పడే కత్తెర బాదులు. అవి ప్రేక్షకుడికి కనపడవు. డబ్బు మిగుల్చుకోవాలనుకున్న వాళ్ళు ముందు వాటినే ఎగ్గొట్టేవాళ్ళు. ఒక ఊళ్ళో పోటీలప్పుడు అట్టాగే కట్టిన గ్యాలరీ ఆట మధ్యలో అడుగున్నర పక్కకి ఒరిగిపోయింది. జనాన్ని మెల్లగా దింపగలిగారు కాబట్టి సరిపోయింది.

అందుకే పోటీల ముందు సాయంత్రం పరీక్ష పెట్టేవారు. ఇరవై మంది కుర్రాళ్ళు పై వరుస ఎక్కి చేతులు పట్టుకుని అందరూ ఒకేసారి కుడికీ ఎడమకీ ఊగాలి. మేస్త్రి కింద చీకట్లో దూరి కట్ల మీద అరచెయ్యి వేసుకుంటూ ఒక్కో గుంజ దగ్గరా ఆగేవాడు. కిర్రుమంటే కట్టు సర్దుకుంటున్నట్టు. టక్కుమంటే కర్ర విరుగుతున్నట్టు. పైన కుర్రాళ్ళ కేకలు, కింద ఆయన "ఆగండ్రా, ఆగండ్రా" అనడం. ఆగగానే అంతా నిశ్శబ్దం, ఎక్కడో ఒక కట్టు నెమ్మదిగా కిర్రుమంటూ తన చోటికి వచ్చేది.

* * *

ఇంజనీరు గారి దగ్గర పాత ఇంగ్లీషు పత్రికల ముక్కలు అతికించిన అట్టపుస్తకం ఒకటి ఉండేది. అందులో సగం ఒక్క స్టేడియం గురించే. స్కాట్లండులో గ్లాస్గో నగరం, రేంజర్స్ ఫుట్‌బాల్ క్లబ్, ఐబ్రాక్స్ మైదానం. గ్యాలరీ అన్న దానికి రాగల కష్టాలన్నీ ఆ ఒక్క చోటే వచ్చాయనీ, ఒక్కో కష్టం తర్వాత ఆ స్టేడియం రూపమే మారిపోయిందనీ ఆయన చెప్పేవారు.

ఐబ్రాక్స్‌లో ఇప్పుడున్న మైదానం 1899 డిసెంబరు 30న మొదలైంది. గీసింది ఆర్చిబాల్డ్ లీచ్, గ్లాస్గో వాడే, ఆ క్లబ్ అభిమాని కూడా. గోలు వెనక జనం నిలబడటానికి ఇనప స్తంభాల మీద చెక్క పలకలు పరిచిన ఎత్తైన గ్యాలరీలు కట్టారు. 1902 ఏప్రిల్ 5న స్కాట్లండ్, ఇంగ్లండ్ ఆట. ముందు రాత్రి వాన బాగా కురిసింది. పడమటి గ్యాలరీ కిక్కిరిసింది. ఆట మొదలైన కాసేపటికే పై భాగంలో పలకల కింది చెక్క దూలాలు విరిగి వందల మంది 40 అడుగుల కిందకి పడ్డారు. 25 మంది చనిపోయారు, 500 మందికి పైగా గాయపడ్డారు. నాసి కర్ర వేశాడని కర్ర సరఫరా చేసిన గుత్తేదారు మీద కేసు నడిచింది, కోర్టు అతన్ని నిర్దోషి అంది.

మేస్త్రి ఆ మాట విని చాలాసేపు మాట్లాడలేదట. తర్వాత ఒకటే అడిగాడు.

"ఎత్తు 40 అడుగులా బాబుగారూ? కింద ఖాళీయేనా?"

"ఖాళీయే మేస్త్రీ. మనిషి కింద మట్టి ఉంటే అడుగు కుంగుతాడు. ఖాళీ ఉంటే 40 అడుగులూ పోతాడు."

రేంజర్స్ వాళ్ళు చేసింది కూడా అదే. చెక్క గ్యాలరీలు తీసేసి మట్టికట్టలు పోశారు. కట్ట వాలు మీదే మెట్లు, జనం కింద గట్టి నేల. జనం ముందుకి తోసుకు రాకుండా నడుమ నడుమ ఇనప గొట్టాల అడ్డు కంచెలు. మళ్ళీ గీసింది లీచే. తర్వాత ఆన్‌ఫీల్డ్, గుడిసన్ పార్క్, ఓల్డ్ ట్రాఫర్డ్ లాంటి పెద్ద పెద్ద స్టేడియాలకి స్టాండ్లు గీసిన మనిషి ఆయనే. ఐబ్రాక్స్‌లో కట్టల్ని ఎత్తు పెంచుకుంటూ పోయారు. ఎర్ర ఇటుక ముఖంతో పెద్ద మెయిన్ స్టాండ్ 1929 జనవరి 1న తెరిచారు. 1939 జనవరి 2న అదే ఊరి పోటీ క్లబ్ సెల్టిక్‌తో ఆటకి 1,18,567 మంది వచ్చారు. బ్రిటన్‌లో లీగ్ ఆటకి అంతకు మించిన జనం ఎప్పుడూ రాలేదు.

మట్టికట్ట విరగదు. కానీ ఆ ఎత్తు మీదికి ఎక్కించిన లక్ష మంది సాయంత్రం దిగాలి కదా.

* * *

మన గ్యాలరీకి రెండు కొసల్లో రెండు మెట్ల దారులుండేవి. వరుస అడుగు ఎత్తు గనక మనిషి ఒక్క అంగలో దిగలేడు. వరుసకీ వరుసకీ నడుమ ఇంకో మెట్టు కట్టి, ఎత్తు ఆరంగుళాలు, పాదం పెట్టే చోటు అడుగు వచ్చేట్టు చేసేవాళ్ళు. ఇంజనీరు గారు టేపుతో చూసేది ఈ ఆరంగుళాలే. ఏడైనా పర్లేదు, అన్నీ ఏడే ఉండాలి. పది మెట్లు ఆరు ఉండి పదకొండోది ఎనిమిదైతే కాలు అక్కడే తప్పుతుంది. ఎందుకంటే దిగేవాడు మొదటి మూడు మెట్లు కళ్ళతో చూస్తాడు, తర్వాత కాళ్ళ లెక్క మీదే దిగుతాడు. ఒక్కడు పడితే వెనకవాడికి తెలియదు. వాడి వెనకవాడికి అసలే తెలియదు.

ఆయన పట్టుబట్టేది మధ్యలో మూడో మెట్ల దారి కోసం. నాలుగున్నర అడుగుల వెడల్పు కావాలనేవారు. కమిటీ వాళ్ళకి అది గొంతులో ముల్లు.

"వరుసకి ముగ్గురు పోతారు గదండీ. పన్నెండు వరుసలకి ముప్ఫయ్యారు టిక్కెట్లు."

లెక్క వాళ్ళు చెప్పింది సరైనదే. ఆయన దగ్గర ఇంకో లెక్క ఉండేది. బ్రిటన్ వాళ్ళు స్టేడియాల భద్రత కోసం 1973లో వేసిన గ్రీన్ గైడ్ పుస్తకం పద్ధతి ప్రకారం మెట్ల మీద మీటరు వెడల్పుకి నిమిషానికి 73 మంది దిగగలరు, చదును దారిలో 109 మంది. (ఇటీవలి ముద్రణల్లో దాన్ని ఇంకా తగ్గించి 66, 82 చేశారు.) ఎనిమిది నిమిషాల్లో అందరూ బయటపడాలి. 800 మందికి నిమిషానికి 100 మంది, అంటే దాదాపు 1.37 మీటర్లు, మన కొలతలో నాలుగున్నర అడుగులు. "ఒక్క దారి చాలు గదా, రెండున్నాయి గదా" అని ఎవరన్నా అంటే, "జనం సగం సగం పంచుకుని దిగరండీ" అనేవారు. "ఎటు బస్టాండు ఉంటే అటే దిగుతారు."

అది నిజంగానే జరిగేది. ఫైనల్స్ అయిన రాత్రి తూర్పు కొస మెట్ల మీద చీమల బారులా జనం, పడమటి కొసన బఠాణీల బుట్ట సర్దుకుంటున్న ముసలాయన ఒక్కడే. పై వరుసల్లో వాళ్ళు పిల్లల్ని భుజాన వేసుకుని నిలబడి ఎదురు చూస్తుండేవాళ్ళు. పెట్రోమాక్స్ లైట్ల వెలుతురు మెట్ల మీద సరిగా పడదు కాబట్టి ఇంజనీరు గారు ప్రతి దారి కిందా ఒక లైటు విడిగా పెట్టించేవారు.

ఐబ్రాక్స్‌లో ఈశాన్య మూల పదమూడో నంబరు మెట్ల దారి. భూగర్భ రైలు స్టేషనుకి అదే దగ్గర. మైదానంలో ఎన్ని దారులున్నా అందరి కాళ్ళూ అటే. నిటారైన కట్ట మీదుగా దిగే పొడవాటి మెట్లు, వరుసలు విడదీస్తూ ఇనప కమ్మీలు, రెండు పక్కలా ఎత్తైన చెక్క కంచె. 1961లో అక్కడ ఇద్దరు చనిపోయారు. 1967లోనూ 1969లోనూ అక్కడే జనం గాయపడ్డారు. 1971 జనవరి 2న మళ్ళీ సెల్టిక్‌తో ఆట, 80 వేల మంది. ఆఖరి నిమిషాల్లో సెల్టిక్ గోలు కొట్టింది, ఆట ముగిసే క్షణాల్లో రేంజర్స్ సమం చేసింది. జనం సంతోషంగా దిగుతున్నారు. మెట్ల పై భాగంలో ఎవరో పడ్డారు. వెనక నుంచి వచ్చే ఒత్తిడి ఆగలేదు, పక్కకి తప్పుకుందామంటే కంచె. ఇనప కమ్మీలు వంగిపోయాయి. 66 మంది ఊపిరాడక, నలిగి చనిపోయారు. వాళ్ళలో చాలామంది ఇరవై ఏళ్ళు నిండని కుర్రాళ్ళు. గోలు కేక విని దిగేవాళ్ళు వెనక్కి తిరిగి పైకి ఎక్కబోయారనీ, అందుకే తొక్కిసలాట జరిగిందనీ చాలాకాలం చెప్పుకున్నారు. విచారణలో తేలింది వేరు. అందరూ ఒకే దిక్కుకి, ఇళ్ళ వైపే దిగుతున్నారు.

కమిటీ వాళ్ళతో వాదన ముదిరిన ఒక సాయంత్రం ఇంజనీరు గారు మొదటి వరుస కొసన పలక మీద చెయ్యి వేసి, "ఇక్కడి నుంచి ఆ కొస దాకా చూడండి. ఎంతమంది పడతారు?" అన్నారు. 66 అని అందరికీ తెలుసు, టిక్కెట్లు కొట్టించింది వాళ్ళే. "ఒక వరుస నిండా. అంతమంది ఒక్క మెట్ల దారిలో పోయారయ్యా." ఆ ఏడు మధ్య దారి పడింది. తర్వాత ఏ ఏడూ దాన్ని తీయలేదు.

మెట్ల పక్కన పట్టుకునే బాదులకి తడికలు కట్టనిచ్చేవారు కాదు. అందం కోసం తాటాకులో గోనెపట్టాలో కడతామని కుర్రాళ్ళు సరదాపడేవాళ్ళు. పడ్డవాడు పక్కకి దూరి బయటికి రాగలగాలి, అందుకు బాదుల సందు ఖాళీగా ఉండాలి. గ్యాలరీ కింద కాగితాలూ ఎండాకులూ రోజూ రాత్రి ఊడ్పించేవారు. 1985 మే 11న ఇంగ్లండులో బ్రాడ్‌ఫర్డ్ క్లబ్ చెక్క స్టాండు కింద పోగుపడ్డ చెత్తకి నిప్పంటుకుని నిమిషాల్లో 56 మంది చనిపోయాక, ఆ ఊడ్చే పని గురించి అందరూ గొణగడం మానేశారు.

* * *

1971 తర్వాత ఐబ్రాక్స్‌ని పెంచిన తీరు వేరు. అప్పటిదాకా పెంచడమంటే ఇంకా ఎక్కువ మందిని పట్టించడం. ఈసారి తగ్గించారు. క్లబ్ మాజీ మేనేజరు విల్లీ వాడెల్ ముందుండి నడిపించాడు, జర్మనీలో డార్ట్‌మండ్ స్టేడియాన్ని నమూనాగా తీసుకున్నారు. గుండ్రంగా చుట్టుకున్న మట్టికట్టలు తవ్వేసి, 1979లో కాప్‌లాండ్ రోడ్ స్టాండ్, 1980లో బ్రూమ్‌లోన్ రోడ్ స్టాండ్, 1981లో గోవన్ స్టాండ్, మూడు పక్కలా మూడు దీర్ఘచతురస్రపు కాంక్రీటు స్టాండ్లు కట్టారు. అన్నీ కుర్చీలే. లక్షా పద్దెనిమిది వేలు పట్టిన చోట 44 వేలకి దిగారు. లీచ్ కట్టిన ఎర్ర ఇటుక స్టాండుని మాత్రం కదిలించలేదు. 1991లో దాని ముఖం అట్టాగే ఉంచి నెత్తిన మూడో అంతస్తు వేశారు. ఇప్పుడు 50 వేలు దాటింది.

2024లో కాప్‌లాండ్ స్టాండుని ఇంకొంచెం పెంచబోతే సామాను ఓడలో ఆలస్యమై పని వెనకబడింది, ఆ సీజను మొదట్లో క్లబ్ తన ఆటలు గ్లాస్గోలోనే ఉన్న హాంప్‌డెన్ పార్కు స్టేడియానికి మార్చుకోవాల్సి వచ్చింది. ఆ వార్త చదువుతుంటే బాపట్ల లారీ కోసం గ్రౌండు గేటు దగ్గర బీడీ మీద బీడీ కాల్చిన మేస్త్రి కళ్ళముందు కదిలాడు.

మెయిన్ స్టాండూ కాప్‌లాండ్ రోడ్ స్టాండూ కలిసే మూలన 2001లో జాన్ గ్రెగ్ విగ్రహం పెట్టారు. 1971లో రేంజర్స్ కెప్టెన్ ఆయన. విగ్రహం కింద 1902, 1961, 1971ల్లో పోయిన వాళ్ళందరి పేర్లూ ఉన్నాయి.

* * *

పోటీలు అయిన మర్నాడు విప్పడం మొదలయ్యేది. కట్టడం కన్నా విప్పడంలోనే దెబ్బలెక్కువ తగులుతాయని మేస్త్రి అనేవాడు. ముందు పలకలు, పై వరుస నుంచి కిందకి. తర్వాత అడ్డబాదులు. కత్తెర బాదుల్ని గుంజల కన్నా ముందు విప్పితే మిగిలిన గుంజలన్నీ ఒక పక్కకి పడతాయి, అందుకని వాటిని వెనక్కి ఉంచేవాడు. తాళ్ళు కొయ్యకూడదు, విప్పాలి. సగం తాడు వచ్చే ఏటికి పనికొస్తుంది. ఊడబెరికిన గుంతల్లో ఇటుక ముక్కలు ఏరి గోనెల్లో పోసుకునేవాళ్ళు. బెరడు పొట్టంతా నేల మీద పరుచుకుని ఉండేది, దాని మీద నడిస్తే కరకరమనేది.

అన్నీ అయ్యాక కూడా మధ్య మెట్ల దారి ఒక్కటి, నాలుగు గుంజల మీద, ఎటూ పోని మెట్లలా గ్రౌండు నడుమ నిలబడి ఉండేది. పైన చివరి బాది విప్పే మనిషి దాని మీదుగానే దిగాలి. వాడి రెండు పాదాలూ నేల మీద పడ్డాక మేస్త్రి తనే వెళ్ళి ఆ కట్లు విప్పేవాడు.